ఉదజని నిల్వ – భద్రతా నియమములు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినపుడు, నేను ఏ శతకకవినిగూర్చియో, ఏ క్షేత్రమహిమనుగూర్చియో చెప్పుదునని తలచియుందురు. నేను చదివినది బి.ఏ. చరిత్రయు తెలుగును నా అభిమాన విషయములు. రసాయనశాస్త్రముతో నా పరిచయము ఉన్నత పాఠశాలలోనే ముగిసినది. అట్టివాడు ఉదజని వాయువును నింపు కేంద్రముల భద్రతనుగూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. కాని సచివాలయమున పనిచేయువారికి ఒక వింత విధి కలదు. బల్లమీదికి ఏ ఫైలు వచ్చిన ఆ శాస్త్రము నేర్చుకొనవలసినదే. కొన్నియేండ్లుగా నా బల్లమీదికి వచ్చుచున్నది ఈ ఫైలు. వెనుక వరుసలోని పిల్లలకు విసుగు కలుగకుండ చెప్పుటకు యత్నింతును. పులిహోర చల్లారకముందే ముగింతును.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారకురాలు మా మేనత్త. ఆమె ఊరు అనకాపల్లి జిల్లాలో పూడిమడకకు దగ్గర. పూడిమడకయొద్ద నిర్మింపదలచిన హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి విశాఖపట్టణమున శంకుస్థాపన చేసిరి. ఎండనుండి, గాలినుండి తీసిన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీయునట్టి ఉదజనికి హరిత ఉదజని యని పేరు. దినమునకు 1500 టన్నులు తయారు చేయవలెనని అచ్చటి ప్రణాళిక. ఆ వారములోనే మా అత్త ఫోను చేసినది.

“ఒరే బాబూ, మా ఊరి పక్కన బాంబు గ్యాసు చేస్తారంట, నిజమేనేట్రా? నువ్వు ఢిల్లీలో ఆ పనిలోనే ఉన్నావంట కదా?”

“బాంబు గ్యాసు కాదత్తా, బస్సులు నడిపే గ్యాసు” అంటిని.

“బస్సు నడిపితే మాత్రం పేలదేటి?”

నాకు తోచిన సమాధానము లేకపోయెను. పార్లమెంటు ప్రశ్నయైనచో “విషయము పరిశీలనలో నున్నది” అని వ్రాయవచ్చును. అత్తతో అట్లు అనలేము గదా. ఈ ప్రసంగము ఆమెకు నేను బాకీపడిన జవాబు; మీయెదుట అప్పగించుచున్నాను.

మొదట బాంబు మాట తీర్చివేయుదము. పత్రికలలో ‘ఉదజని బాంబు’ అని చదివి భయపడిన తరము మన పెద్దలది. ఆ బాంబులో జరుగునది పరమాణు గర్భముల కలయిక. దానిని రగిలించుటకు ముందుగా ఒక అణుబాంబే కావలెను. తొట్టిలో నిలువజేసిన ఉదజనికి ఎంత నిప్పు తగిలినను అది జరుగదు. ఆ వాయువు మండును, పేలును, అంతవరకే. అయినను అంతవరకే యన్నది అల్పమని నేను చెప్పను. ఏలన, నేను చూచితిని.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. మా ఊరి తీర్థమునకు ఏటేట ఒక బుడగలవాడు వచ్చుచుండెను. పేరెవరికిని తెలియదు; బుడగల తాత యని పిలిచెడివారము. అతనియొద్ద తుప్పుపట్టిన ఇనుప సిలిండరొకటి యుండెను. అందులో కాస్టిక్ సోడా, పాత అల్యూమినియము గిన్నెల ముక్కలు, నీళ్ళు వేసి మూత బిగించెడివాడు. లోపల బుసబుస పొంగి ఉదజని పుట్టును. ఎంత సోడా, ఎన్ని ముక్కలు అన్నదానికి అతని అరచేయియే కొలత. లోపలి ఒత్తిడి తెలుపు ముల్లు లేదు. ఆ యేడు తీర్థము రెండవ దినమున ఆ సిలిండరు పగిలినది. నేను రథము ఆవలి వైపున జీళ్ళు కొనుచుంటిని. శబ్దము మాత్రము వింటిని. తాత బ్రతికెను గాని కుడిచేయి మణికట్టువరకు పోయెను. బుడగకై నిలిచియున్న పిల్లలలో ఒకడు నా తరగతివాడు; వానికి ఒక కంటి చూపు పోయెను. మరుసటి యేడు ఇంకొక బుడగలవాడు అట్టి సిలిండరుతోనే వచ్చెను. మేమందరమును మరల వరుసకట్టి నిలిచితిమి.

ఆ సిలిండరునుగూర్చి చట్టమేమనునో నాకు ముప్పదియేండ్ల తరువాత తెలిసినది. మన దేశమున ప్రేలుడు పదార్థముల చట్టము 1884లో పుట్టినది. లోహపాత్రలో అదిమి పట్టిన ఏ వాయువైనను ఆ చట్టము దృష్టిలో ప్రేలుడు పదార్థమే యని 1938లో ప్రకటించిరి. ఆ వెనుక 1940లో గ్యాసు సిలిండర్ల నియమములు వచ్చినవి. 1981లోను, 2004లోను, 2016లోను వానిని తిరుగవ్రాసిరి. నాగపురము ప్రధానస్థానముగా గల ప్రేలుడు పదార్థముల భద్రతా సంస్థవారు వీనిని అమలుజరుపుదురు. అనగా నాకు తొమ్మిదేండ్లు వచ్చునాటికే తాత సిలిండరును నిషేధించు శాసనము ఐదు దశాబ్దముల వయస్సు గలది. శాసనము ఢిల్లీలో నుండెను. సిలిండరు మా తీర్థములో నుండెను.

ఉదజని మనకు కొత్త చుట్టమని అనుకొనవలదు. మన యిండ్లలో ఒకప్పుడు పసుపుపచ్చని డబ్బాలో వచ్చిన వనస్పతి, నూనెకు ఉదజనిని పట్టించి గడ్డకట్టించినదే. ఎరువుల కర్మాగారములు, నూనెశుద్ధి కర్మాగారములు దినదినము దానిని టన్నులకొలది వాడుచున్నవి. శ్రీహరికోటనుండి లేచు పెద్ద రాకెట్ల పై అంతస్తులో ద్రవరూపమైన ఉదజనియే ఇంధనము. దానిని సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో నిలుపుదురు. ఇన్నియేండ్లును అది ప్రాకారముల వెనుక, దాని స్వభావమెరిగిన వారి చేతులలో నుండెను. ఇపుడు కోట దాటి వీధిలోనికి వచ్చుచున్నది. 2023 జనవరి 4వ తేదీన కేంద్ర మంత్రివర్గము 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని కార్యక్రమమును ఆమోదించినది. 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు లక్ష్యము. అదే సంవత్సరము సెప్టెంబరు 25న ఇచ్చటనే, కర్తవ్యపథమున, ఉదజని బస్సు కదలినది. రేపు దానిని నింపువాడు శాస్త్రవేత్త కాడు. పెట్రోలు బంకులో నిలుచు కుర్రవాడు. నియమములన్నియు ఆ కుర్రవానికై వ్రాయవలసినవే.

ఇక దాని స్వభావము. తల్లులకు వంటగ్యాసు సంగతి బాగుగ తెలియును. దానితో పోల్చి చెప్పెదను. వంటగ్యాసు గాలికన్న బరువైనది, కారిన నేలమీద ప్రాకును, తూములలో దాగును. ఉదజని గాలిలో పదునాలుగవ వంతు బరువు మాత్రమే గలది. కారిన తక్షణమే పైకి పరుగిడును. ఆరుబయటనైనచో ఇది వరము. కప్పు క్రిందనైనచో శాపము. మూలలలో, దూలముల నడుమ చిక్కుకొని నిలిచిపోవును. కావున ఉదజని కేంద్రమున కప్పును వాయువు చిక్కుకొనని రీతిని కట్టి, పైకి పోవు దారి విడువవలెను. బల్లిని చూచినట్లు పైకి చూడవలెనని మా ఇంజనీరు మిత్రుడొకరు హాస్యమాడుదురు.

వంటగ్యాసు కారిన మన ముక్కు చెప్పును. ఆ దుర్గంధము సహజము కాదు. మన క్షేమముకొరకు కలిపిన గంధకపు రసాయనముది. ఉదజనికి రంగు లేదు, వాసన లేదు. దానికిని అట్టి వాసన కలుపరాదా యని నేను మొదటి సమావేశముననే అడిగితిని. కలుపరాదట. బస్సులో విద్యుత్తును పుట్టించు ఘటములో ప్లాటినము పూత యుండును. గంధకము సోకినచో అది చచ్చిపోవును. ఇట్టి వాహనముల ఉదజనిలో గంధకము నూరుకోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము శాసించుచున్నది. కాబట్టి ముక్కుకు బదులు యంత్రము. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు ఉదజని చేరిన అంటుకొనగలదు. డెబ్బదియైదు పాళ్ళవరకు అంటుకొనుచునే యుండును. కావున నూటికి ఒక పాలు చేరగనే గంట మ్రోగునట్లు సాధారణముగా అమర్చుదురు.

దానిని అంటించుటకు కావలసిన నిప్పు ఎంత? వంటయింటి పొయ్యికి గొట్టముద్వారా వచ్చు సహజవాయువును అంటించు కనీసశక్తిలో పదునాలుగవ వంతుకన్న తక్కువ. నైలాను చొక్కా విప్పునపుడు చిటపటలాడు మెరుపు చాలును. అంటుకొన్న పిమ్మట పట్టపగలు ఆ మంట కంటికి కనబడదు. అమెరికా అంతరిక్ష కేంద్రములలో పూర్వము ఉదజని గొట్టములయొద్దకు పోవువారు చీపురుకట్టను ముందు చాచుకొని నడిచెడివారట. చీపురు అంటుకొన్నచో మంట అక్కడ నున్నదని తెలియును. చంద్రునియొద్దకు మనిషిని పంపినవారికిని చీపురుకట్ట అక్కరకు వచ్చినదని విని మా ఆవిడ చాల సంతోషించినది. ఇపుడు ఆ మంటను గుర్తించు ప్రత్యేక పరికరములు కలవు. వానిని పెట్టితీరవలెనని నియమము.

బరువు తక్కువ వాయువు గనుక చోటు ఎక్కువ కావలెను. ఒక కిలో ఉదజని మామూలుగా పదునొకండు ఘనపుమీటర్లకు పైగా ఆక్రమించును, అనగా ఒక చిన్న గది. దానిని బస్సులో పట్టించుటకు 350 బార్ల ఒత్తిడితోను, కారులో 700 బార్ల ఒత్తిడితోను అదుముదురు. మన కారు చక్రములోని గాలి రెండు బార్లకు కొంచెము పైన. ఢిల్లీ ఆటోలలోని సి.ఎన్.జి. 200. సైకిలు పంపు అడుగున వేడెక్కుట మనమెరుగుదుము. అట్లే తొట్టి నింపునపుడు వేడెక్కును; ఆ వేడి 85 డిగ్రీలు దాటరాదు. కావున కార్లకు త్వరగ నింపుచోట్ల వాయువును ముందుగనే సున్నకు దిగువ 40 డిగ్రీలవరకు చల్లార్చి పంపుదురు. మరి బస్సే మంటలలో చిక్కుకొన్నచో? తొట్టి చెంత ఒక కవాటముండును. వేడి సుమారు 110 డిగ్రీలు చేరగనే అది తనంతట తెరచుకొని వాయువును వెలికి పంపివేయును. మండిపోనిత్తురు గాని పగిలిపోనీయరు. ఇది కఠినముగ తోచును గాని ఆలోచించినకొలది వివేకమే.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి నచ్చిన నియమము చాల పాతది. ఉదజని సిలిండరు నోటిమర ఎడమచుట్టు మర. మామూలు మర కుడివైపునకు త్రిప్పిన బిగియును; ఇది ఎడమవైపునకు. ఆమ్లజని గొట్టమును పొరపాటున ఉదజనికి తగిలింపబోయినచో అది ఎక్కనే యెక్కదు. సిలిండరుకు ఎర్రరంగు వేయుదురు; చదువురానివానికి కన్ను చెప్పును, చీకటిలో చేయి చెప్పును. ఏ సర్క్యులరును చదువనక్కరలేదు, ఎవరి సంతకమును అక్కరలేదు. నేను ఇరువదియేండ్ల ఉద్యోగములో ముసాయిదా వేసిన నియమములలో ఒక్కటియు దీనికి సాటిరాదు.

కాని అన్ని నియమములును మరలోనికి ఎక్కవు. కొన్ని మనిషిమీదనే ఆధారపడియుండును. రెండేండ్ల క్రిందట ఒక పరిశీలక బృందముతో ఉత్తర భారతమున ఒక నింపుడు కేంద్రమునకు పోయితిని. ఎచ్చటనో, ఎవరిదో చెప్పను. అంతయు శుభ్రముగ నుండెను. హెచ్చరిక పలకలు, గాలి ఎటు వీచుచున్నదో తెలుపు గుడ్డసంచి, తొట్లకును ప్రహరికిని నడుమ నియమిత దూరము, అన్నియు సరిపోయినవి. ఇంజనీర్లు యంత్రములను చూచుచుండగ, నేను నాకు తెలిసిన పని చేసితిని, రిజిస్టరు తీసితిని. దినదినము చూడవలసిన అంశములు పదునాలుగు. గొట్టము, బోల్టుల బిగింపు, వాయుసూచిక ఇత్యాదులు. ప్రతి గడిలోను సరియను గుర్తు, చివర పొడి సంతకము. నెల్లాళ్ళును ఒకే కలము, ఒకే సిరా, ఒకే వాలు. మేము వెళ్ళినది శనివారము. ఆదివారపు గడులును నిండియున్నవి.

అచ్చటి కుర్రవానిని పిలిచి వ్రేలితో చూపితిని. అతడు తెల్లబోయి, “రోజూ చూస్తూనే ఉంటాం సాబ్, చూడకపోతే ముందు పోయేది మేమే కదా” అని హిందీలో అన్నాడు. నేనతనిని గద్దింపలేదు. ముందునాటి సాయంకాలము నలువది పుటల అనుబంధమొకటి నాయొద్దకు రాగా, రైలువేళ మించునను తొందరలో చివరిపుట త్రిప్పి ‘చూచితిని’ అని వ్రాసి సంతకము చేసియుంటిని. నా సిరాయు నెల్లాళ్ళకు ఒకటే. ఢిల్లీకి తిరిగివచ్చి నా భాగపు నివేదికలో ‘రికార్డుల నిర్వహణ సాధారణముగ సంతృప్తికరము’ అని వ్రాసితిని. ఆ వాక్యమును వ్రాయుమని నన్నెవరును అడుగలేదు.

పిదప నొక నెలకు, వేరొక ఫైలుకై విదేశములలో జరిగిన ప్రమాదముల వివరములను చదువవలసివచ్చినది. 2019 జూన్ 10వ తేదీ, సాయంకాలము. నార్వే రాజధాని ఓస్లో సమీపమున సాండ్వికా యను చోట వాహనములకు ఉదజని నింపు కేంద్రము ప్రేలినది. ఆనాడు వారికి పండుగ సెలవు. కేంద్రములో ఎవరును లేరు. ప్రక్కరోడ్డున పోవు కారులో ఆ అదటుకు గాలిసంచులు విచ్చుకొని ఇద్దరికి స్వల్పముగ దెబ్బలు తగిలెను, అంతతో పోయినది. పెద్ద రహదారులు మూసివేసిరి. ఇతర కేంద్రములను ఆపివేసిరి. ఆ దేశమున ఉదజని కార్ల అమ్మకము కొంతకాలము నిలిచిపోయెను. కారణము రెండు మూడు వారములలోనే బయటపడినది. అధిక పీడనపు తొట్టి చివర ఒక బిరడ. దానికి లోపలి బోల్టులు కొన్ని, వెలుపలి బోల్టులు కొన్ని. కూర్చునపుడు లోపలివానిని తగినంత బిగింపలేదు. వెలుపలివి చక్కగ బిగించియుండుటచే పైకి లోపము కానరాదు. మెల్లగ కారి కారి, తుదకు బిరడ ఊగి, వాయువు ఒక్కసారిగ వెలువడి గాలితో కలిసి అంటుకొన్నది.

నార్వేలో నియమములు లేవా? కలవు. యంత్రము నాసిదా? కాదు. బిగించినట్లు గుర్తించుటకును, బిగించుటకును నడుమ గల ఆ సందులోనుండి ఉదజని కారినది. ఆ పిమ్మట వారు చేసిన సంస్కరణ చూడుడు: బిగించునపుడు ఒకరు బిగింపవలెను, మరియొకరు ప్రక్కన నిలిచి చూడవలెను, బిగింపు బలము కొలిచి పత్రమున నమోదు చేయవలెను. ఇంతటి ఆధునిక విద్యకు కనుగొన్న మందు మన పల్లెలలో ధాన్యము కొలుచునపుడు వాడుకలో నున్నదే. ఒకడు కొలుచును, ఒకడు లెక్క పలుకును.

అదే 2019లో, ఇంకను ముందుగ మే 23న, దక్షిణ కొరియాలో గాంగ్నుంగ్ అను పట్టణమున ఉదజని తొట్లు ప్రేలి ఇద్దరు మరణించిరి, ఆరుగురు గాయపడిరి. అక్కడ కారుట కాదు కారణము. నీటిని విడగొట్టునపుడు వచ్చిన ఆమ్లజని ఉదజని తొట్టిలోనికి కొంచెము కొంచెముగ చేరినది. తొట్టియే మందుగుండయినది. పూడిమడకలోను చేయబోవునది నీటిని విడగొట్టుటయే గనుక ఈ రెండవ కథ మన ఇంజనీర్లు మొదట చదువవలసినది. కొరియావారు మరుసటి యేడే ఉదజని భద్రతకు ప్రత్యేక చట్టము చేసికొనిరి.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ ఆదివారపు గడులు కంటియెదుట నిలిచినవి. నా నివేదిక అప్పటికే పైకి పోయినది. దానికి అనుబంధముగ ఒక పుట నోటు వ్రాసితిని. రిజిస్టరులో ‘సరి’ యను గుర్తు తీసివేసి, కొలతముల్లు చూపిన అంకెను వ్రాయవలెననియు, ఇద్దరు వేర్వేరు చేతులతో సంతకము చేయవలెననియు, మొదటి నివేదికలోని నా వాక్యమును నేను ఉపసంహరించుకొనుచున్నాననియు వ్రాసితిని. అంకెను ముందుగనే వ్రాయుట గుర్తును వ్రాయుటకన్న కష్టము. మనిషి అబద్ధమును కల్పింపవలసివచ్చును, గుర్తుకు ఆ శ్రమయు లేదు. ఆ నోటు నాలుగు బల్లలు తిరిగి నాయొద్దకు వచ్చినది. చివర ఒకే మాట కలదు: ‘చూచితిని’. మీరు నవ్వుచున్నారు, నేనును నవ్వితిని. మరల పంపితిని. ఇంకను పైననే యున్నది.

మా అత్తకు మొన్న ఆదివారము మరల ఫోను చేసితిని. పేలదని నేను మాట ఇవ్వలేనని చెప్పితిని. అపాయకరమైన రసాయనముల తయారీ, నిల్వలనుగూర్చి 1989లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో, పెద్ద కర్మాగారమువారు ఆరునెలలకొకసారి తమ ఆవరణలో ప్రమాద అభ్యాసము జరుపవలెననియు, ఆవరణ వెలుపలి ఊళ్ళకొరకు ఏటికొకసారియైన అట్టి అభ్యాసము జరుగునట్లు అధికారులు చూడవలెననియు, చుట్టుపట్ల నుండువారికి అపాయ మెట్టిదో, ఏమి చేయవలెనో తెలియజేయవలెననియు కలదు. ఆ సంగతి ఆమెకు తెలిసిన మాటలలో చెప్పితిని. కర్మాగారము నడచుట మొదలైన పిదప, ఆ దినము ఎప్పుడని పంచాయతీలో అడుగుమంటిని.

“అంటే ఆ రోజు గంట కొడితే మేం బయటికి రావాలా?”

“రావాలత్తా. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి అడ్డంగా నడవాలి.”

“ఎవరొచ్చారో ఎవరు రాలేదో రాసుకుంటారా?”

“రాసుకోవాలి.”

“వాళ్ళు ఇంట్లో కూర్చుని రాసీకుండా, నే చూస్తాన్లే” అన్నది.